గాటు ఎటువైపు

నాకు కుడి ఎడమలు తెలియవు. ముప్పై నాలుగేళ్లొచ్చాయి, ఎమ్మెస్సీ జువాలజీ చదివాను, ఆరేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. అయినా ఎవరైనా "ఎడమకి తిరుగు" అంటే ఒక్క క్షణం నాకేమీ తోచదు. చిన్నప్పుడు సండే స్కూల్లో చేతులు ఊపుతూ పాడే పాటల్లో అందరి చేతులూ ఒకవైపు లేస్తే నా చెయ్యి రెండోవైపు లేచేది. ముందు బెంచీలో కూర్చున్న అమ్మ నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అమ్మ టీచరు. ఉపాయం కూడా తనే చెప్పింది.

"అన్నం కలుపుకునే చెయ్యి ఏదో ఒకసారి కలిపి చూసుకోవే. అదే కుడి."

అప్పట్నుంచీ అవసరం వచ్చినప్పుడల్లా నా వేళ్లు గాల్లో అన్నం కలుపుతాయి. కాప్రాలో మా ఇంటికి ఆటో ఎక్కితే డ్రైవర్లకు నాతో పెద్ద తంటా. ఒకాయన బండి పక్కకి ఆపేసి వెనక్కి తిరిగాడు.

"లెఫ్ట్ అంటున్నరు, చెయ్యేమో రైట్‌కి చూపిస్తున్నరు. ఏందమ్మా గిట్ల? దేన్ని నమ్మాలె?"

"చేతిని నమ్మండి, నోటిని నమ్మకండి" అన్నాను. ఇల్లు వచ్చేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

అలాంటి నాకు ఎలుక మెదడు బొమ్మల్లో కుడి ఎడమలు సరిచూసే ఉద్యోగం దొరికింది.

పిల్లలు చేరక మా కాలేజీ మూతపడిన ఏడాది అది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక ఒక భవనంలో, రెండో అంతస్తులో, చిన్న పరిశోధన ల్యాబ్ ఉందని, అక్కడ బొమ్మలు సరిచేయడానికి మనిషి కావాలని తెలిసి వెళ్లాను. ల్యాబ్ నడిపే మేడం నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. మాట వేగం, నడక వేగం. కంప్యూటర్‌లో ఒక బొమ్మ తెరిచి, "ఇందులో మీకు ఏమేం కనిపిస్తున్నాయో చెప్పండి" అంది. చిరుగు, గాలి బుడగ, ఒక మూల మడతపడిన అంచు, ఎవరిదో బ్రష్ వెంట్రుక, అన్నీ చెప్పాను. "సోమవారం నుంచి రండి" అంది. కుడి ఎడమలు తెలుసా అని తను అడగలేదు. నేనూ చెప్పలేదు.

పని ఇదీ. చిట్టెలుక మెదడును గడ్డకట్టించి, వెంట్రుక కన్నా పల్చని పొరలుగా కోస్తారు. ఆ పొరల్ని నీళ్లలో తేలించి, బ్రష్‌తో ఒక్కొక్కటీ గాజు పలక మీదికి ఎక్కించి, ఫోటోలు తీస్తారు. ఆ ఫోటోలు నా దగ్గరికి వస్తాయి. ఒక్కో పొరనూ విడిగా కత్తిరించి, ముక్కు వైపు నుంచి మెడ వైపు దాకా వరుసలో పెట్టాలి. వంకరగా ఉన్నదాన్ని నిలబెట్టాలి. మరీ చీకటిగా ఉన్నదాని వెలుగు పెంచాలి. చిరిగిన చోట గుర్తు పెట్టాలి. ఎక్కించేటప్పుడు బోర్లా పడిన పొరలుంటే, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి గనక, వాటిని తిప్పి సరిచేయాలి. అన్నీ అయ్యాక కంప్యూటర్ ఒక్కో బొమ్మనూ అట్లాస్ మీద పరుస్తుంది. అట్లాస్ అంటే మెదడుకి పటం, ఏ పేట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీతలు గీసి పేర్లు రాసిన పటం. ఆ తర్వాత ఇంకో ప్రోగ్రాం బొమ్మలో రంగు అంటి మెరిసే కణాల్ని మిగతావాటి నుంచి వేరు చేస్తుంది. ఏ పేటలో ఎన్ని మెరుస్తున్నాయో అప్పుడు తేలుతుంది.

"మనం మెదడుకి లెఫ్ట్ సైడ్ రంగు వేశాం. అది రైట్ సైడ్‌లో ఎక్కడెక్కడికి చేరిందన్నదే మన ప్రశ్న" అని మేడం మొదటి రోజే చెప్పింది. "లెఫ్ట్ రైట్ మారాయా, మన కథే మారిపోతుంది."

నేను బల్ల కింద అన్నం కలుపుకుంటూ తలూపాను.

మెదళ్లు కోసే ఆయన్ని ల్యాబ్‌లో అందరూ "కోతల అన్న" అనేవాళ్లు. పేరు విని, ఎంత గొప్పలు చెప్పుకునే మనిషో అనుకున్నాను. తీరా చూస్తే రోజంతా కలిపి పది మాటలు మాట్లాడని మనిషి. యాభై అయిదేళ్లుంటాయి, రెజిమెంటల్ బజార్‌లో ఇల్లు. ఇరవై ఏళ్లుగా ఇదే పని, చల్లని యంత్రం ముందు స్వెట్టర్ వేసుకుని కూర్చుని పొర తర్వాత పొర తీయడం. నన్ను మొదట పిలిచి చూపించింది ఆయనే.

"ఇగో, కోసే ముందల మెదడు కుడివైపు అడుగున సూదితోని గాటు పెడ్త. ముందర నుంచి ఎనక దాక దిగుతది. ప్రతి పొరల కనబడ్తది. గాటున్నది కుడి. గంతే యాద్ పెట్టుకో."

నాకు ప్రాణం లేచొచ్చింది. గాటు బొమ్మలో కుడివైపుంటే సరే. ఎడమవైపుంటే పొర బోర్లాపడిందన్నమాట, తిప్పేయాలి. కంప్యూటర్ తెర అంచుకి ఒకవైపు చిన్న పచ్చ స్టిక్కర్ అంటించుకున్నాను. గాటు స్టిక్కర్ వైపు ఉండాలి. కుడి, ఎడమ అన్న మాటలతో నాకిక పని లేదు.

ఆ నెలలు ఎంత హాయిగా గడిచాయో. పొద్దున్నే మార్కెట్ పక్కనుంచి స్కూటీ మీద వస్తుంటే గోబీ పూల లారీలు దించుతుండేవారు. పైకొచ్చి కంప్యూటర్ తెరిస్తే సగానికి కోసిన గోబీ పువ్వులాంటి చిన్న మెదడు, జీడిపప్పులా వంపు తిరిగిన జ్ఞాపకాల పేట, మధ్యలో చీకటి గుంటలు, వాటి చుట్టూ పల్చగా మెరిసే దారాలు. ఒక మెదడు పూర్తయ్యాక బాణం మీట నొక్కుతూ మొదటి పొర నుంచి చివరి పొర దాకా చకచకా పోనిచ్చేదాన్ని. ఆ పని ఎవరూ చెయ్యమనలేదు. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు కాబట్టి చేసేదాన్ని. అలా చూస్తుంటే, ఒక చిన్న ఇంట్లో ముందు గుమ్మంలోంచి వెళ్లి పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చినట్టుండేది.

పదకొండో మెదడు దగ్గర కాలికి గడప తగిలినట్టయింది.

దాన్ని అంతకు వారం ముందే పూర్తిచేశాను. చేస్తున్నప్పుడు అరవై ఒకటో పొర దాకా గాటు స్టిక్కర్ వైపే ఉంది. అరవై రెండు నుంచి దాదాపు అన్నిటికీ రెండోవైపు కనిపించింది. మేడంని అడిగితే తొంగిచూసి, "ట్రే అంతా ఒకేలా బోర్లా ఎక్కించి ఉంటారు, ఫ్లిప్ చేసేయండి" అంది. చేసేశాను. అట్లాస్ మీద పరిచారు, కణాలు లెక్కేశారు. ఫలితం చూసి మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. మిగతా పది మెదళ్లలో రంగు కుడివైపు పేటల్లోకి వెళ్లింది. ఇందులో సగం దూరం కుడివైపే పోయి, వెనక భాగానికి వచ్చేసరికి మళ్లీ ఎడమకి దాటింది.

"కొత్త దారి దొరికినట్టుంది!" అంది. శుక్రవారం ఇంకో ఊరి ల్యాబ్ వాళ్లతో వీడియో మీటింగ్ ఉంది. అందులో చూపిస్తానంది. అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది.

ఆ మంగళవారం, మేడం అంత సంతోషపడిన మెదడు కదా అని మళ్లీ ఒకసారి బాణం మీట నొక్కుతూ చూశాను. అరవై ఒకటి నుంచి అరవై రెండుకి వెళ్లినప్పుడు బొమ్మ చిన్నగా ఎగిరిపడింది. వెనక్కి వెళ్లాను. మళ్లీ ముందుకి. మళ్లీ ఎగిరింది.

దోసకాయను కాస్త ఏటవాలుగా కోస్తే ప్రతి చక్రంలోనూ ఒక అంచు కొంచెం ముందుంటుంది, ఇంకో అంచు వెనకుంటుంది. మెదడు కూడా కత్తి కింద ఎప్పుడూ కాస్త వాలుగానే కూర్చుంటుంది. అందుకే జీడిపప్పు వంపు ఒకవైపు ముందుగా, రెండోవైపు ఒకట్రెండు పొరల తర్వాత కనిపిస్తుంది. ఈ మెదడులో అరవై ఒకటి దాకా స్టిక్కర్ వైపు ముందుంది. అరవై రెండు నుంచి రెండోవైపు ముందుంది. అట్లాస్ ప్రోగ్రాం వాలు ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకె ముందు ప్లస్ గుర్తు కాస్తా అరవై రెండు దగ్గర మైనస్ అయింది.

నేనే చేశాననుకున్నాను. ఎక్కడో చెయ్యి తప్పింది, అటుది ఇటు తిప్పేశాను. మధ్యాహ్నమంతా అన్నం కలుపుతూ ఒక్కో పొరనూ చూశాను. నియమం ప్రకారం ఒక్కటీ తప్పు లేదు. అన్నిటికీ గాటు స్టిక్కర్ వైపే ఉంది. మరి వాలెందుకు మారింది? పక్క గదిలో మేడం శుక్రవారం మీటింగ్ కోసం బొమ్మలకి రంగులు దిద్దుకుంటూ, తలుపు తీసి, "బ్లూ బాగుందా, పర్పుల్ బాగుందా?" అని అడిగింది. "పర్పుల్" అన్నాను. ఇంకేం చెప్పలేకపోయాను.

బుధవారం కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే అమ్మ పట్టేసింది. మొత్తం చెప్పాను.

"నీకు కుడి ఎడమలు రావని వాళ్లతో అనలేదు, సరే. అది నీ సొంత విషయం" అంది అమ్మ. "ఇది వాళ్ల పని కదే. ఆవిడ అందరి ముందూ చూపించేశాక చెప్తావా? పొద్దున్నే వెళ్లి చెప్పేయ్. పొమ్మంటే వచ్చేయ్, ఇంట్లో ఇద్దరం పచ్చళ్లు పెట్టుకుందాం."

"నాకు పచ్చళ్లు పెట్టడం రాదు."

"అదీ నేర్పుతాలే. ముందు తిను."

గురువారం పొద్దున మేడం బ్యాగు బల్ల మీద పెట్టకముందే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. "మేడం, పదకొండో మెదడులో వెనక సగం తిరగబడింది. నేనే తిప్పేశాననుకుంటా. ఎలా జరిగిందో నాకు తెలియడం లేదు" అన్నాను.

మేడం నా కుర్చీలో కూర్చుని బాణం మీట నొక్కింది. అరవై ఒకటి, అరవై రెండు. అరవై ఒకటి, అరవై రెండు. వాలు అంకె చూసింది. ముఖంలో రంగు మారింది. "అన్నని పిలవండి" అంది మెల్లగా.

కోతల అన్న స్వెట్టర్‌తోనే వచ్చాడు. విషయం విని తల అడ్డంగా ఊపాడు.

"వాలు మారుడు కాదు మేడం. ఒక్కపారి బిగించినంక ఆఖరి పొర దాక గదే వాలు. నడుమల నేను ముట్టుకోనే ముట్టుకోను."

"మరి మీ గాటు వైపు మారిందేంటి?" అని అడిగింది మేడం.

"గాజులు తీయుండ్రి. చూస్తే గదా తెల్సేది."

పెట్టెలోంచి అరవై రెండో పొర ఉన్న గాజు పలక తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాతి పలక, ఆ తర్వాతిది. మేడం, నేను ఆయన వెనకే నిలబడ్డాం.

"ఇది నా గాటు కాదు" అన్నాడు చివరికి.

"అంటే?"

"నాది సూది గాటు. గుండ్రంగుంటది, అంచు సాఫ్ ఉంటది. ఇది పగులు. చల్లబెట్టేటప్పుడు పడ్తది గిట్ల. చూడు, అంచు ఎట్ల చీలికలు చీలికలుగుందో." పలక కొంచెం జరిపాడు. "నా గాటు రెండో దిక్కున్నది. ఇగో, చుక్క లెక్క. ఇంత సన్నగుంటే ఎవలకు కనబడ్తది? గా దినం సూది చివరి దాక మంచిగ దిగలే. తప్పు నాదే మేడం. ఈమెది ఏం లేదు."

అప్పుడు అర్థమైంది. అరవై రెండు నుంచి ఒక పగులు మొదలైంది, గాటుకి ఎదురు వైపు. నేను దాన్నే గాటనుకున్నాను. సరిగ్గా ఉన్న పొరల్ని సరిచేస్తున్నాననుకుని తిప్పేశాను. నిజంగా బోర్లాపడినవి రెండు మూడుంటే వాటిని మాత్రం బాగున్నాయని వదిలేశాను. కొత్త దారి లేదు, ఏమీ లేదు. అద్దంలో కనిపించిన దారి అది.

మేడం స్టూలు మీద కూలబడింది. నేను తిట్లకి సిద్ధమయ్యాను.

"రేపు ఇది చూపించి ఉంటే..." అని ఆగింది. రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది. "పర్పుల్ వేశాను కూడా!" అంది. నవ్వు ఆగాక నావైపు తిరిగింది. "ప్రోగ్రాం ఏమీ అనలేదు. నేను మూడుసార్లు చూశాను, నాకు అనుమానం రాలేదు. మీకెలా వచ్చింది?"

ఇక దాచాలనిపించలేదు. "నాకు కుడి ఎడమలు తెలియవు మేడం. చిన్నప్పట్నుంచీ అంతే. ఇంటర్వ్యూలో చెప్పలేదు. అందుకని చేసిందంతా మళ్లీ చూసుకుంటాను." తెర అంచున పచ్చ స్టిక్కర్ ఎందుకో చూపించాను. అన్నం కలపడం కూడా చూపించాను.

అప్పుడు కోతల అన్న గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఒక మాట చెప్తా, ఏమనుకోకుండ్రి. నాకు సుత జెర గదే తక్లీఫ్ ఉన్నది. అసలు గాటు పెట్టుడు నాకెవ్వలు నేర్పలే. కుడేదో ఎడమేదో యాదుండక నేనే షురూ చేసిన." ఎడమ బొటనవేలు పైకెత్తాడు. దాని మీద పాత మచ్చ. "కొత్తల కత్తి తాకింది. గప్పటి సంది ఈ మచ్చ ముట్టుకుని చూసుకుంట. మచ్చున్నది ఎడమ."

మేడం ఆయన్ని చూసింది, నన్ను చూసింది.

"అంటే నా ల్యాబ్‌లో కుడి ఎడమలు కాపాడేది, కుడి ఎడమలు తెలియని ఇద్దరా?"

"అవ్ మేడం" అన్నాడాయన చాలా వినయంగా. ముగ్గురం పగలబడి నవ్వాం. పక్క గదిలోవాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

మేడం ఆ గంటలోనే అవతలి ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఒక మెదడులో పొరపాటు పట్టుకున్నాం, మీటింగ్ వారం పాటు వాయిదా వేద్దామని చెప్పింది. ఆ వారం కోతల అన్న నా పక్కన స్టూలు వేసుకున్నాడు. ఆయన సూక్ష్మదర్శినిలో గాజు చూస్తూ "సీదా ఉన్నది", "బోర్లా పడ్డది" అని చెప్పేవాడు. నేను తెర మీద సరిచేసేదాన్ని. ఒక్కో పొరకీ ఆయన బొటనవేలు తడుముకోవడం, నేను అన్నం కలపడం. ఇద్దరం ఒప్పుకుంటేనే తర్వాతి పొర. ఇక మీద ప్రతి మెదడుకీ కుడివైపే పక్కపక్కన రెండు సూదులు దించుతానన్నాడు. వాలు అంకె మధ్యలో మారిందేమో చూడటం నా పని అని మేడం రాసి గోడకి అంటించింది.

వరుస సరైపోయాక మళ్లీ కణాల పని, ఈసారి అదీ నాకే ఇచ్చారు. ఇది కణం, ఇది కాదు అని కొన్ని బొమ్మల మీద రంగు చుక్కలు పెట్టి ప్రోగ్రాంకి నేర్పాలి. అది చంటిపిల్ల లాంటిది. మెరిసేదల్లా కణమే అనుకుంటుంది. దుమ్ము రేణువుని, బుడగ అంచుని పట్టుకుని ఇదీ అదే అంటుంది. ఒకచోట పొడుగ్గా వంపు తిరిగిన గీతను నరమని గుర్తించింది. నేనూ నరమే అనుకున్నాను.

కోతల అన్న వంగి చూసి, "నరం లేదు, గిరం లేదు. గది నా బ్రష్ ఎంటిక" అన్నాడు.

పదకొండో మెదడు చివరికి మిగతా పది చెప్పిన మాటే చెప్పింది. రంగు కుడికే వెళ్లింది, కుడివైపే ఉండిపోయింది. కొత్త దారి పోయినందుకు మేడం బాధపడుతుందేమో అనుకున్నాను. "పదకొండూ ఒక్క మాట మీద నిలబడ్డాయి. ఇంకేం కావాలి?" అంది. మీటింగ్‌లో ఆ పొరపాటు ఎలా దొరికిందో కూడా చెప్పింది. అవతలివాళ్లు తమ పాత బొమ్మల్లో వాలు అంకెలు మళ్లీ చూసుకుంటామన్నారట.

సోమవారం అన్ని పొరల కణాల్నీ అట్లాస్‌లో ఒకచోట చేర్చి తెర మీద తెరిచాను. గాజు బొమ్మలాంటి మెదడు, లోపల వేల చుక్కలు, మౌస్‌తో తిప్పితే అన్నీ కలిసి తిరుగుతాయి. ఎడమ నుంచి ఒక గుంపు చుక్కలు మెదడు రెండు సగాల్నీ కలిపే వంతెన దాటి కుడివైపు పేటల్లో సర్దుకున్నాయి. అన్నని పిలిచి చూపించాను.

ఆయన వంగి తెరలోకి చూశాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది నేను కోసిందేనా?"

"మీరు కోసిందే అన్నా. పదకొండోది."

"ఇరవై ఏండ్ల సంది కోస్తున్న. కోసుడు, డబ్బాల ఏసుడు, గాజు మీద ఎక్కించుడు. మళ్ల గిట్ల ఒక్కటైతదని చెప్పిండ్రు గానీ, చూడలే ఎన్నడు." తెరకి ఇంకా దగ్గరగా జరిగాడు. "తిప్పు జెర. ఆ... ఇంకొక్కసారి తిప్పు."

తిప్పాను. తర్వాత మౌస్ ఆయన చేతికే ఇచ్చాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఆయన దాన్ని తిప్పుతూనే ఉన్నాడు. పైనుంచి, కిందినుంచి, ముక్కు వైపు నుంచి.

ఆ శనివారం సెలవు అయినా మేడం అనుమతి తీసుకుని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కొత్త చీర కట్టుకుంది. చేతిలో స్టీలు డబ్బా నిండా సకినాలు. ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విప్పేసి లోపలికొచ్చింది. ఎంత చెప్పినా మళ్లీ వేసుకోలేదు. నేను తెర ముందు కూర్చోబెట్టి మెదడు తెరిచాను. ఆయనే మౌస్ పట్టుకుని, పాఠం చెప్పే మాస్టారిలా వేలు పెట్టి చూపించాడు. ఇక్కడ రంగు వేస్తరు, ఇట్ల వంతెన దాటుతది, ఇగో ఈడికొచ్చి ఆగుతది. ఆయన ఏకబిగిన అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని అంతా విన్నది. తర్వాత నావైపు తిరిగి, "ఇంట్ల అడిగితె ఎలుకలు కోస్తున్న అంటడమ్మా. గంతే. ఇంత మంచిగుంటదని ఒక్కనాడు చెప్పలే" అంది. మళ్లీ భర్త వైపు తిరిగి, "ఏదీ, జెర నన్ను తిప్పనీయ్" అని మౌస్ లాక్కుంది.